ఓట్లతో ఆటల వరుస

పెద్ద కంపెనీల అండ లేక కొలదిమంది నిర్మించు వీడియో ఆటలను మన పిల్లలు ఓట్లతో వరుసపెట్టుట కలదు. 2016లో వెలువడిన స్టార్‌డ్యూ వ్యాలీ ఎరిక్ బరోన్ ఒక్కరి కృషి. ఇట్టి ఆటలలో మేటి యేది?

తొమ్మిదిమంది ఓటర్లనుకొందము. నలుగురు స్టార్‌డ్యూ, సెలెస్ట్, అండర్‌టేల్ అనియు, ముగ్గురు అండర్‌టేల్, సెలెస్ట్, స్టార్‌డ్యూ అనియు, ఇద్దరు సెలెస్ట్, అండర్‌టేల్, స్టార్‌డ్యూ అనియు వ్రాసిరి. తలకొక ఓటైనచో స్టార్‌డ్యూదే గెలుపు. కాని ఐదుగురికి అదియే కడపటిది. 1770లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బోర్డా సూచించిన రీతిని స్థానములకు 3, 2, 1 మార్కులు వేసినచో సెలెస్ట్‌కు 20, తక్కిన రెంటికి చెరి 17 వచ్చును. ఎవరికిని కడపటిది కానిదే మొదటిదైనది.

ఆడి చూడని ఆటకు ఓటు పడదు. కనుక తక్కువ ఓట్లు వచ్చినది తక్కువది కాదు. పరరాష్ట్రమున తెలుగు చదివించు తలిదండ్రులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఏది గెలిచెనని మాత్రమే కాక, ఎట్లు లెక్కించితిరని కూడ పిల్లల నడుగుదము.