సన్నికల్లు నెరిగిన కోతులు

పనిముట్టును వాడుట మనుష్యునకే చెల్లునని పండితులు చిరకాలము భావించిరి. చేతులున్నంత మాత్రమున చాలదు, పనికి తగిన సాధనము నెన్నుకొను వివేక ముండవలెను, ఆ వివేకము నరునియందే గలదని వారి వాదము. 1960 వ సంవత్సరమున నేటి టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీలు పుల్లలను పుట్టలలో దూర్చి చెదపురుగులను పట్టి తినుట జేన్ గుడాల్ కనుగొనిరి. ఆ వాదము నాడే సడలినది. అయినను చింపాంజీ తోకలేని మహావానరము, మనకు దగ్గరి చుట్టము. తోకగల చిన్న కోతులకు సయిత మిట్టి నేర్పు గలదా యను ప్రశ్న మిగిలియుండెను.

దీనికి బ్రెజిల్ దేశపు ఈశాన్యభాగమునుండి సమాధానము వచ్చినది. అచ్చటి పియావీ రాష్ట్రమున గడ్డపు కాపుచిన్ అను జాతి కోతులు గలవు. పెద్ద మగకోతి బరువు సాధారణముగా 3 నుండి 4 కిలోగ్రాములు మాత్రమే. ఆ ప్రదేశమున తాటిజాతి చెట్ల కాయలు మెండు. వాని పెంకు పండ్లతో కొరికిన పగులదు. కోతి యా కాయను బండరాతి గుంటలో నుంచి, వెనుక కాళ్లపై నిలిచి, సుమారు కిలోగ్రాము బరువుగల రాతిని రెండు చేతుల నెత్తి మోదును. మన యిండ్లలో సన్నికల్లును పొత్రమును ఎట్లో, ఆ కోతులకు క్రింది బండయు పై రాయియు నట్లు. ఈ విషయమును ఫ్రాగజీ, ఇజార్, ఒట్టోని, విజాల్బెర్గి అను శాస్త్రజ్ఞులు 2004 లో ప్రకటించిరి.

దొరికిన రాతితో కొట్టుట వేరు, తగిన రాతి నెన్నుకొనుట వేరు. ఈ రెండింటిలో కోతులు చేయున దేదో తేల్చుటకు విజాల్బెర్గియు సహచరులును అడవికోతుల యెదుటనే పరీక్షలు జరిపి, 2009 లో ఫలితములను వెల్లడించిరి. గట్టిరాతిని, పొడియగు రాతిని ప్రక్కప్రక్కన నుంచిరి. కోతులు గట్టిదానినే తీసికొన్నవి. పిదప కన్ను మోసపోవునట్లు కృత్రిమశిలలను చేయించిరి. వానిలో పెద్దది తేలిక, చిన్నది బరువు. కోతులు పెద్దదానిని చూచి భ్రమపడక బరువైన చిన్నదానినే యెన్నుకొన్నవి. చూపునకు భేదము తెలియని తావున రాతిని కదల్చియు, ఎత్తియు, వ్రేళ్లతో తట్టియు నిర్ణయించుకొన్నవి. సంతలో కుండను కొను గృహిణి దానిని తట్టి చూచుట యిట్టిదే గదా!

ఇంతకంటె విచిత్రమైనది జీడిమామిడి సంగతి. ఈ చెట్టునకు పుట్టినిల్లు బ్రెజిల్. పోర్చుగీసువారి వలన మన దేశమునకు వచ్చినది. పచ్చి గింజ తొక్కలోని జీడి చర్మమునకు తగిలిన పొక్కును. పలాస ప్రాంతమున జీడిపిక్కలు కొట్టు శ్రామికులకు ఈ బాధ చిరపరిచితము. పియావీలోని సెర్రా ద కాపివారా జాతీయోద్యానమున కోతులకు పచ్చి గింజలను, ఎండు గింజలను ఇచ్చి పరీక్షించిరి. పచ్చి గింజ సులభముగా పగులును, కాన దానికి చిన్నరాయి చాలును. అయినను కోతులు పచ్చిగింజకే పెద్దరాళ్లను వాడినవి. పెద్దరాయి చేతిని జీడికి దూరముగా నుంచుటకు తోడ్పడుననియే పరిశోధకుల యూహ. ఈ ఫలితములు 2016 లో వెలువడినవి. సాధనము నెన్నుకొనుటలో బలమే కాక, అపాయనివారణము సయితము లెక్కకు వచ్చుచున్నదని దీనివలన తోచుచున్నది.

ఆ యుద్యానముననే నేలను త్రవ్విచూడగా, కోతులు వాడి విడిచిన రాళ్లు పొరలు పొరలుగా బయల్పడినవి. ఈ వృత్తి సుమారు 3,000 సంవత్సరములుగా సాగుచున్నట్లు 2019 లో ప్రకటింపబడినది. అయినను అత్యుక్తి తగదు. ఈ కోతులు రాతిని రాతితో కొట్టునపుడు వాడియైన పెచ్చులు రాలుచున్నవి. ఆదిమానవుని పనిముట్లను పోలిన ఆ పెచ్చులను అవి వాడుకొనుట కానరాలేదు.

ఆసియాఖండమునను ఇట్టి కోతులు గలవు. థాయ్‌లాండ్ సముద్రతీరమున పొడవుతోక కోతులు రాళ్లకు అంటుకొనియున్న ఆల్చిప్పలను చిన్నరాతి కొనతో పొడిచి తెరచును. నత్తగుల్లలను బండపై నుంచి పెద్దరాతి చదునైన వైపుతో చితుకగొట్టును. పని మారిన పనిముట్టును మారును. మన దేశపు పడమటి కనుమలలో, కన్నడిగులు సింగళీకమని పిలుచు కోతి గొంగళిపురుగును ఆకుతో రుద్ది, దురదగొలుపు నూగును పోగొట్టి తినుట 1988 లోనే నమోదైనది. నికోబారు దీవుల కోతులును ఆహారమును శుభ్రపరచుకొనుటకు ఆకులను వాడుచున్నవి.

ఈ విద్య పుట్టుకతో వచ్చునది కాదు. కాపుచిన్ పిల్ల కొలది నెలల ప్రాయముననే కాయలను బండకేసి కొట్టుచు ఆడును. కాయను పగులగొట్టుటకు మాత్రము దానికి రెండు మూడేండ్లైనను పట్టును. ఏ పెద్దయు దాని చేయిపట్టి నేర్పదు. పెద్దలు కొట్టుచుండగా చెంత కూర్చుండి, రాలిన ముక్కలను ఏరి తినుచు, వారు విడిచిన బండయొద్ద వారి రాతినే యెత్తి చూచును. పెద్దలు పిల్లల నచ్చటినుండి తరుమకుండుటయే వాని గురుకులము.

కావున రాయి, కాయ, పెద్దల సాన్నిధ్యము అను మూడును ఒక్కచో నున్నంతవరకే యీ విద్య నిలుచును. వీనిలో నొకటి తొలగినను కొలది తరములలో అది మాయమగుట సంభవము. థాయ్‌లాండ్‌లోని కోరం దీవి యిందుకు హెచ్చరిక. అచ్చటి కోతులు గుల్లలను అధికముగా కొట్టి తినుటచే, మిగిలిన గుల్లల పరిమాణము తగ్గినదనియు, ఇట్లే సాగిన రాతిపని చేయు నవసరమే లేకపోవచ్చుననియు 2017 లో పరిశోధకులు సూచించిరి. నేర్పే తన యాధారమును తినివేయుట యన నిదియే. అడవిని కొట్టి, తీరమును ఆక్రమించు మనుష్యుని వలన కలుగు నష్టము దీనికి తోడు. కోతులను బోనులలో పెంచి వంశమును నిలుపవచ్చును. బండచెంత కూర్చుండి నేర్చిన యా విద్యను, బండయు పెద్దలును లేని బోనులో నిలుపుట సాధ్యము కాదు.