ఒకే చక్రవర్తి... ఊరికో ముఖం!

రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలం నాటి రెండు రాగి కాసులు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా ఆయన పేరే. పడమటి ట్రియర్ టంకశాలలో కొట్టినదాని మీద కోలముఖం, వంపు తిరిగిన ముక్కు, నున్నగా గీసిన గడ్డం, నుదుటి మీదికి దువ్విన జుట్టు. తూర్పున అలెగ్జాండ్రియాలో కొట్టినదాని మీద చదరపు తల, ఎద్దు మెడ, చుక్కలు చుక్కలుగా పొడిచిన గడ్డం, గుచ్చి చూసే పెద్ద కళ్లు. ఇద్దరూ ఒక్కరే అంటే నమ్మబుద్ధి కాదు. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ పోవడంలోనే రోమన్ నాణేలు సేకరించేవాళ్లకు అసలైన ఆనందం.

అప్పట్లో అచ్చులు చేత్తోనే చెక్కేవారు. లోహపు బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో బలంగా కొడితే నాణెం తయారు. అచ్చులో ముఖాన్ని లోపలికి, కుడిఎడమలు తారుమారుగా చెక్కాలి. అదీ రూపాయి బిళ్లంత చోటులో! ఆ పని చేసినవాళ్లలో చాలామంది చక్రవర్తిని కళ్లారా చూసి ఉండరు. వాళ్ల పేర్లూ మనకు దక్కలేదు. కానీ కనురెప్ప గీత, చెవి మలుపు, మెడ వెనక తలపట్టీ ముడి చూస్తే ఏ ఊరి పనితనమో తెలిసిపోతుంది.

క్రీ.శ. 294 ప్రాంతంలో చక్రవర్తి డయోక్లీషియన్ నాణేల వ్యవస్థను మార్చాడు. కాస్త వెండి కలిపిన, సుమారు 10 గ్రాముల పెద్ద కాసు వచ్చింది. లండన్ నుంచి అలెగ్జాండ్రియా దాకా అనేక టంకశాలల్లో బొరుసు వైపు ఒకే బొమ్మ, రోమన్ ప్రజల కాపుదేవత. బొమ్మ వైపు అప్పట్లో సామ్రాజ్యాన్ని కలిసి ఏలుతున్న నలుగురిలో ఎవరో ఒకరు. ఆ నలుగురూ ఒక్కటేనని లోకానికి చాటాలన్న పట్టుదలతో ముఖాలు కూడా ఒకేలా చెక్కించారు. వెనిస్‌లో సెయింట్ మార్క్ చర్చి మూలన ఒకరినొకరు వాటేసుకుని నిలబడ్డ నలుగురి ఊదారంగు శిల్పంలోనూ అంతే, ఎవరు ఎవరో చెప్పలేం. చిత్రమేమిటంటే, మనుషుల మధ్య తేడా చెరిపేసినచోటే ఊళ్ల మధ్య తేడా బయటపడింది.

ఊరు పోల్చడానికి బొరుసు అడుగున గీత కింద ఉండే అక్షరాలు చూడాలి. ఏఎల్ఈ అంటే అలెగ్జాండ్రియా, ఏఎన్‌టీ అంటే ఆంటియోక్, ఎస్ఐఎస్ అంటే నేటి క్రొయేషియాలోని సిస్కియా. చెయ్యి తిరిగినవాళ్లు అక్షరాలు వేలితో మూసి, ముందు ముఖం చూసి ఊరు చెబుతారు. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధన లేదు.

ఇక కాన్‌స్టంటైన్ సంగతి. తూర్పున 313 దాకా ఏలినవాడు మాక్సిమినస్ డయా. అక్కడి టంకశాలల్లో పడమటి ఏలిక కాన్‌స్టంటైన్ పేరున నాణెం కొట్టినా ముఖం డయా పోలికే. పడమట కాన్‌స్టంటైన్ మాత్రం 310 నాటికి ఆ మూస వదిలేసి, మూడు వందల ఏళ్ల కిందటి అగస్టస్‌ను తలపించే ముఖం ఎంచుకున్నాడు. నలుగురిలో ఒకడిగా ఉండటం ఇష్టం లేదని నాణెం మీదే చెప్పేశాడన్నమాట. అలెగ్జాండ్రియా పనిని మోటు అని కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ కళ్లలో ఉన్న అధికారం ట్రియర్ అందగాడి ముఖంలో నాకెప్పుడూ కనిపించలేదు.

ఈ వేట మనకు దూరపు ముచ్చటేమీ కాదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు పెద్ద రాశిగా దొరికాయి. మన దేశంలో ఎక్కువగా బయటపడే ఈ ఇద్దరి వెండి నాణేల పుట్టిల్లు నేటి ఫ్రాన్స్‌లోని లియోన్. టైబీరియస్ నాణెం బొరుసు మీద కుర్చీలో కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఏళ్ల తరబడి అదే బొమ్మ. అయితే కుర్చీ కాళ్లు ఒకచోట సాదాగా, మరోచోట నగిషీతో. కింద గీత ఒకచోట ఒకటి, మరోచోట రెండు. బొమ్మ వైపు ముఖం కూడా అలాగే మారుతూ వస్తుంది. వీటిని బట్టే పరిశోధకులు ఏది ముందు, ఏది వెనక అని వరస కడతారు.

1786లో నెల్లూరు దగ్గర ఓ రైతు నాగలికి పాత గుడి శిథిలం అడ్డుపడింది. తవ్వితే కుండలో రోమన్ బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా ముఖాలున్నవి. పాత బంగారంగా అమ్ముడుపోయి చాలా మటుకు కరిగిపోయాయి. కొన్నే దక్కాయి. కరిగినవాటి మీద ఏ చెయ్యి ఏ ముఖం చెక్కిందో ఇక ఎవరూ చెప్పలేరు.

సేకరణ మొదలుపెట్టాలనుకుంటే ముందు కొనకండి, చూడండి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వారి ‘ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ద రోమన్ ఎంపైర్’లో వేల నాణేల ఫొటోలు ఉచితం. ఒక చక్రవర్తిని, రెండు టంకశాలలను ఎంచుకుని మొదలుపెట్టండి. కొనేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం అడగండి. పొలంలోనో పునాదిలోనో దొరికితే చింతపండు పెట్టి తోమకండి, కనురెప్పలూ జుట్టు గీతలూ ముందు పోయేవి అవే. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువున్న ఏ నిధి దొరికినా కలెక్టరుకు తెలపాలి. దయచేసి తెలపండి.