మెదడులో కణితి: రిపోర్టులోని జన్యు గుర్తులు ఏం చెబుతాయి?

"డాక్టరుగారూ, ఇంకా ఎన్నాళ్లు?" మెదడులో ఉన్నది క్యాన్సరు కణితి అని తెలిసిన రోజున ఇంట్లోవాళ్లు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. బందరువారైనా, గుడివాడవారైనా, అవనిగడ్డ, నాగాయలంకల నుండి వచ్చినవారైనా ఇదే అడుగుతారు. ఒకప్పుడు కణితి ముక్కను మైక్రోస్కోపు కింద చూసి, గ్రేడును బట్టి జవాబు చెప్పేవారు. ఇప్పుడు ఆ ముక్కలోని జన్యువులను కూడా పరీక్షిస్తున్నారు. గ్లయోమా అనే కణితుల్లో ముఖ్యంగా చూసేవి మూడు.

మొదటిది ఐ.డి.హెచ్. ఈ జన్యువులో మార్పు ఉంటుందని 2008లో కనుగొన్నారు. మార్పు ఉన్నవారు, లేనివారికంటే సాధారణంగా ఎక్కువకాలం జీవిస్తారు. అందుకే 2021 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇలాంటి కణితిని గ్లయోబ్లాస్టోమా అనడం లేదు.

రెండవది, 1పి, 19క్యూ అనే క్రోమోజోము భాగాలు రెండూ లోపించడం. ఐ.డి.హెచ్. మార్పుతోపాటు ఇది కూడా ఉంటే ఆ కణితి రేడియేషన్‌కు, మందులకు బాగా లొంగుతుంది. పదేళ్లు దాటి జీవించేవారు చాలామంది ఉన్నారు.

మూడవది ఎం.జి.ఎం.టి. మందు వల్ల కలిగిన దెబ్బను క్యాన్సరు కణం ఈ జన్యువుతో బాగుచేసుకుంటుంది. ఇది మూతపడి ఉంటే టెమోజోలోమైడ్ బాగా పనిచేస్తుంది. 2005లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో, రేడియేషన్‌తోపాటు ఈ మందు వాడిన గ్లయోబ్లాస్టోమా రోగులను గమనించారు. జన్యువు మూతపడినవారిలో నూటికి 46 మంది రెండేళ్ల తరువాత కూడా జీవించి ఉన్నారు. మూతపడనివారిలో సుమారు 14 మందే ఉన్నారు.

ఇవి ఎందరో రోగుల మీద కట్టిన లెక్కలు. మీ మనిషికి ఇన్నాళ్లే అని ఎవరూ గీత గీయలేరు. వయసు, ఆపరేషన్లో ఎంత కణితి తీయగలిగారు, రోగి తన పనులు తాను చేసుకోగలడా అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి.

"పిల్లలకు వస్తుందా? అమ్మాయి పెళ్లికి అడ్డమా?" అని కూడా గొంతు తగ్గించి అడుగుతారు. ఈ మూడు మార్పులూ కణితిలో పుట్టినవే. సంతానానికి సంక్రమించేవి కావు. అయితే కుటుంబంలో ఒకరికంటే ఎక్కువమందికి చిన్న వయసులోనే క్యాన్సరు వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆపరేషన్‌కు విజయవాడ, హైదరాబాదు వెళ్లేవారు ఈ పరీక్షల గురించి ముందే అడగండి. కణితి ముక్కను మైనంలో పెట్టి భద్రపరచిన బ్లాక్ ఎక్కడ ఉందో రాసిపెట్టుకోండి. మరో పరీక్షకు అదే ఆధారం. రిపోర్టులను ప్లాస్టిక్ కవరులో ఉంచండి. 1977 ఉప్పెన చూసిన దివిసీమవారికి కాగితాలు పోతే ఎంత కష్టమో మేము చెప్పనక్కరలేదు.

రిపోర్టు అర్థం కాకపోతే తీసుకుని రండి. మీతో కూర్చుని చదివి చెబుతాము.