పగ నుండి న్యాయానికి: ప్రాచీన అరబ్బీ కవిత్వంలో ఒక నైతిక పరిణామం

ప్రాచీన అరబ్బీ కవిత్వమనగానే విడిచిపోయిన గుడారాల ఆనవాళ్లు, ఎడారి దారులు, ఒంటెలు, గుర్రాలు మన మనస్సులో మెదలుతాయి. ఇవన్నీ ఆ కవిత్వంలో ఉన్నవే. అయితే ఆ కవులలో అనేకులను మాట్లాడించినది వీటికంటె బలమైన మరొక విషయం: చిందిన రక్తానికి బదులు రాబట్టుకోవడం. క్రీ.శ. 9వ శతాబ్దిలో అబూ తమ్మామ్ అనే కవి పూర్వకవుల ఖండికలను ఏరి ఒక సంకలనం కూర్చినాడు. అందులో మొదటిది, అన్నింటికంటె పెద్దది అయిన ప్రకరణం శౌర్యాన్ని గురించినది. దాని పేరైన 'హమాసా'యే మొత్తం గ్రంథానికి పేరైపోయినది. దాని తర్వాతి ప్రకరణం మృతులను గురించిన విలాపం. శౌర్యం, విలాపం పక్కపక్కనే ఉండడం యాదృచ్ఛికం కాదు. విలపించినవాడే కత్తి పట్టేవాడు.

ఈ కవిత్వాన్ని పైపైన చూచినవారు ఇది వట్టి రక్తపిపాస అని తీర్మానిస్తారు. మరికొందరు ఇస్లాం రాకతో ఆ చీకటి ఒక్కనాడే తొలగిపోయినదని చెప్పి ఊరుకుంటారు. రెండూ తొందరపాటు మాటలే. పగను గురించిన సందేహం ఆ కవుల నోటనే ముందుగా వినిపించినది. ఇస్లాం ఆ సందేహానికి శాసనరూపమైన సమాధానమిచ్చినది. ఆ సమాధానం మనుషుల హృదయాలలోకి దిగడానికి మాత్రం చాలాకాలం పట్టినది. ఈ మూడు దశలను రెండు యుద్ధగాథల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పగకు గల స్థానం

రక్తపగను అరబ్బీలో 'సఅర్' అంటారు. ఆనాటి అరేబియా ఎడారి తెగలకు రాజు లేడు, న్యాయస్థానం లేదు, రక్షకభటుడు లేడు. మనిషి ప్రాణానికి ఉన్న పూచీ అంతా అతని తెగయే. "వీనిని చంపితే వీని వాళ్లు ఊరుకోరు" అన్న భయమే హంతకుని చేతిని ఆపేది. కాబట్టి పగ ఆ సమాజంలో కేవలం ఆవేశం కాదు. న్యాయం చేయవలసినవాడు లేనిచోట న్యాయానికి బదులుగా నిలిచిన ఏర్పాటు. ఈ సంగతి గ్రహించకపోతే ఆ కవులు పగను ధర్మంగా ఎందుకు కీర్తించినారో మనకు అర్థం కాదు.

దీనికి తోడు ఒక నమ్మకం ఉండేది. హతుని తల నుండి 'హామా' అనే గుడ్లగూబవంటి పక్షి వెలువడి, పగ తీరేవరకు సమాధిపై దాహం దాహమని అరుస్తుందని వారనుకొనేవారు. హతుని బంధువు పగ తీరేదాకా మద్యం, స్త్రీ, సుగంధద్రవ్యాలు ముట్టనని ఒట్టు పెట్టుకొనేవాడు. రక్తానికి బదులు ఒంటెలను స్వీకరించే పద్ధతి, అంటే 'దియత్', అప్పటికే ఉన్నప్పటికీ, దానికి ఒప్పుకున్నవారిని రక్తం అమ్ముకొని పాలు త్రాగుతున్నారని ఎద్దేవా చేసేవారు.

తెలుగులో ఈ భావాన్ని చెప్పడం అంత కష్టం కాదు. మనమూ పగను 'తీర్చుకుంటాము'. దాహాన్నీ తీర్చుకుంటాము, అప్పునూ తీర్చుతాము, తగవునూ తీర్చుతాము. 'తీర్పు' అన్న మాట కూడా ఈ 'తీర్చు' నుండి వచ్చినదే. పగ, దాహం, బాకీ, న్యాయనిర్ణయం అనే నాలుగింటినీ మన భాష ఒకే క్రియతో చెబుతున్నది. ఆనాటి అరబ్బుల దృష్టిలోనూ ఈ నాలుగూ ఒకటే. వీటిని ఒకదాని నుండి ఒకటి విడదీయడమే మనం చెప్పుకుంటున్న నైతిక పరిణామం.

బసూస్ యుద్ధం: కొలత లేని పగ

బక్ర్, తగ్లిబ్ అనే సోదర తెగల మధ్య జరిగిన బసూస్ యుద్ధం సాధారణంగా క్రీ.శ. 5వ శతాబ్ది చివర, 6వ శతాబ్ది ఆరంభంలో జరిగినదని భావిస్తారు. అది 40 సంవత్సరాలు సాగినదని ఐతిహ్యం. ఈ కథనాలు రెండు మూడు శతాబ్దుల తర్వాత గ్రంథస్థమైనవి గనుక ఇటువంటి సంఖ్యలను అక్షరాలా తీసుకోనక్కరలేదు. కథ ప్రధానాంశం మాత్రం స్పష్టం.

తగ్లిబ్ నాయకుడు కులైబ్ మహా అహంకారి. తన మేతభూమిలోకి వచ్చిన ఒక ఆడ ఒంటెను బాణంతో కొట్టినాడు. అది బసూస్ అనే స్త్రీ ఆశ్రయంలో ఉన్నవారిది. ఆమె అక్క కొడుకు జస్సాస్ ఆ అవమానం భరించలేక కులైబ్‌ను చంపినాడు. జస్సాస్ స్వయానా కులైబ్ భార్య జలీలాకు సోదరుడు. భర్తను సోదరుడు చంపగా రెండు ఇండ్లూ కూలిన ఆ స్త్రీ పేర ఒక విలాపగీతం ప్రచారంలో ఉన్నది. ఇతరులకు పగ తీరితే ఉపశమనం కలుగుతుంది. ఆమెకు పగ తీరడమంటే తోబుట్టువు చావడం. ఎటు తీరినా నష్టపోయేది తానే అన్న ఆమె వేదన, రక్తపగ తర్కానికి ఆ కవిత్వం లోపలి నుండే వచ్చిన తొలి ఆక్షేపణలలో ఒకటి.

కులైబ్ సోదరుడు ముహల్‌హిల్ అంతవరకు విలాసపురుషుడు. అన్న మరణంతో అతడు విలాపకవిగా, యోధుడుగా మారిపోయినాడు. అప్పటికి బక్ర్ తెగలోని హారిస్ బిన్ ఉబాద్ అనే పెద్దమనిషి ఈ యుద్ధం అన్యాయమని తలచి దూరంగా ఉన్నాడు. ఒక కథనం ప్రకారం అతడు తన కుమారుడు బుజైర్‌ను (సోదరుని కుమారుడని కొందరు) ముహల్‌హిల్ వద్దకు పంపినాడు: కావలిస్తే కులైబ్‌కు బదులుగా ఇతనిని తీసుకొని యుద్ధం ఆపమని దాని భావం. ముహల్‌హిల్ ఆ యువకుని చంపినాడు. ఆ వార్త విని హారిస్, రెండు తెగలను కలిపిన చావు ధన్యమైన చావేనని అన్నాడట. అప్పుడు అసలు సంగతి చెప్పినారు: ముహల్‌హిల్ ఆ పిల్లవాని ప్రాణాన్ని కులైబ్ ప్రాణానికి కాదు, అతని చెప్పు వారుకు మాత్రమే జమ కట్టుకున్నాడని. శాంతిని కోరిన హారిస్ ఆ మాటతో గుర్రమెక్కి యుద్ధంలో దిగినాడు.

పగలోని అసలు దోషం ఇక్కడ బయటపడుతున్నది. బదులు కోరడం దోషం కాదు. ఆ బదులుకు కొలత లేకపోవడం దోషం. తనవాని విలువను తానే కట్టుకునేవానికి ఎన్ని ప్రాణాలైనా చాలవు. పైగా చంపినవాడెవడో, చచ్చేవాడెవడో పట్టింపు లేదు. ఆ తెగలో పుట్టినవాడైతే చాలును.

దాహిస్, గబ్రా: వెనుదిరిగిన పగ

రెండవ యుద్ధం 6వ శతాబ్ది ఉత్తరార్ధానికి చెందినది. అబ్స్, జుబ్యాన్ తెగల మధ్య దాహిస్, గబ్రా అనే గుర్రాల పందెం జరిగినది. దాహిస్ ముందుకు పోతుండగా ప్రతిపక్షంవారు పొంచి ఉండి దానిని అడ్డగించినారు. అక్కడ మొదలైన తగాదా దీర్ఘయుద్ధమైనది. కోడిపందెం నుండి కారెంపూడి రణరంగం దాకా సాగిన పల్నాటి కథ తెలిసిన మన పాఠకులకు ఇది వింతగా తోచదు.

ఈ యుద్ధాన్ని జుబ్యాన్‌లోని ముర్రా శాఖకు చెందిన ఇద్దరు పెద్దలు ఆపినారు: హరిమ్ బిన్ సినాన్, హారిస్ బిన్ ఔఫ్. ఇరుపక్షాల హతులను లెక్కించి, అధికంగా పోయిన ప్రాణాలకు రక్తపరిహారాన్ని తామే చెల్లిస్తామని పూచీపడినారు. మూడేండ్లలో మూడు వేల ఒంటెలు ఇచ్చినారని ఐతిహ్యం. ఇంతలో తన సోదరుని పగ మరువని హుసైన్ బిన్ జమ్‌జమ్ అనేవాడు అబ్స్ మనిషినొకనిని చంపినాడు. సంధి తెగిపోబోయినది. అబ్స్‌వారు ఆయుధాలతో బయలుదేరగా హారిస్ బిన్ ఔఫ్ వారికెదురుగా నూరు ఒంటెలను, వాటితోపాటు తన కుమారుని పంపినాడు. ఒంటెలు కావాలో, తన కుమారుని ప్రాణం కావాలో వారే తేల్చుకోవాలని కబురు పెట్టినాడు. అబ్స్‌వారు ఒంటెలను స్వీకరించి సంధికి కట్టుబడినారు.

రెండు గాథలను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటా ఒక తండ్రి తన కుమారుని శత్రువు చేతికి అప్పగించినాడు. మొదటివాడు చెప్పు వారు ఖరీదైపోయినాడు. రెండవవాడు ప్రాణంతో మిగిలినాడు. మొదటిచోట పిల్లవాడు ఒక్కడే వెళ్లినాడు. అతనిని స్వీకరించడమంటే చంపడమే. రెండవచోట ఒంటెలు కూడా వెళ్లినవి. బాధితునికి గౌరవంతో వెనుదిరిగే దారి ఒకటి కనబడినది. శాంతికి మంచి మనస్సు ఒక్కటే చాలదని, ఇరుపక్షాలూ ఒప్పుకోగల కొలత కూడా ఉండాలని ఈ వ్యత్యాసం తెలుపుతున్నది.

జుహైర్ కవిత

ఈ సంధిని కీర్తిస్తూ జుహైర్ బిన్ అబీ సుల్మా చెప్పిన ఖసీదా ముఅల్లఖాలలో ఒకటి. యుద్ధంలో గెలిచినవానిని కాక యుద్ధాన్ని ఆపినవానిని వీరునిగా నిలబెట్టడం అందులోని విశేషం. పరిహారమిచ్చిన ఆ ఇద్దరు స్వయంగా ఒక్క చుక్క రక్తమైనా చిందించినవారు కారని కవి ప్రత్యేకించి గుర్తు చేస్తాడు. యుద్ధాన్ని తిరుగలితోను, అశుభమైన కవలలను ఈనే జంతువుతోను పోలుస్తాడు. హృదయాలలో దాచినది దైవానికి తెలియకపోదని, లెక్క నేడు కాకపోయినా తీర్పుదినాన తప్పదని హెచ్చరిస్తాడు.

అయినా జుహైర్ తన కాలానికి అతీతుడు కాడు. తన చెరువును ఆయుధంతో కాపాడుకోనివాడు నశిస్తాడన్న లోకనీతి కూడా ఆ కవితలోనే ఉన్నది. అతడు చూపిన శాంతి ఇద్దరు సంపన్నుల ఔదార్యంపై నిలిచినది. అటువంటివారు దొరకనిచోట ఏమి కావాలి? హంతకుడు ఏమీ చెల్లించక, నిర్దోషి అంతా చెల్లించడం న్యాయమేనా? ఈ ప్రశ్నలకు ఆ కవితలో జవాబు లేదు.

ఖిసాస్: కొలత, ముగింపు

దివ్యఖుర్ఆన్‌లోని 'ఖిసాస్' ఆదేశాన్ని (2:178-179) ఈ నేపథ్యంలో చదవాలి. తెలుగులో దీనిని 'ప్రతీకారం' అన్న మాటతో సరిపెట్టడం కద్దు. కాని ఈ పదం మూలధాతువుకు అడుగుజాడలను అనుసరించిపోవడం అని అర్థం. మనం ఉర్దూ ద్వారా ఎరిగిన 'కిస్సా' కూడా ఈ ధాతువు నుండి పుట్టినదే. జాడ వెంట పోయేవాడు జాడను దాటిపోడు. నేరం ఎంతవరకో బదులు అంతవరకే, నేరం ఎవరిదో బదులు వారిదే.

హతుని వారసునికి హక్కు ఉన్నదని, అయితే అతడు హద్దు మీరరాదని మరొక ఆయత్ (17:33) చెబుతున్నది. మా బానిసకు బదులు మీ స్వతంత్రుడు, మా ఒక్కనికి బదులు మీ ఇద్దరు అనే తెగల అహంకారాన్ని 2:178 తోసిపుచ్చినదని వ్యాఖ్యాతలు వివరించినారు. అదే ఆయత్ క్షమకు ద్వారం తెరుస్తూ, హతుని వారసుని హంతకునికి 'సోదరుడు' అని పేర్కొన్నది. చెడుకు బదులు దానికి సమానమైన చెడేనని, అయితే క్షమించి సరిదిద్దుకునేవాని ప్రతిఫలం దైవం వద్ద ఉన్నదని 42:40 తెలుపుతున్నది. ఇక్కడ న్యాయం హక్కు, క్షమ ఔన్నత్యం. క్షమించే అధికారం గాయపడినవారిదే గాని చూచేవారిది కాదు.

హిజ్రీ 10వ సంవత్సరం, అంటే క్రీ.శ. 632లో, చివరి హజ్ సందర్భంగా దైవప్రవక్త (స) అజ్ఞానకాలపు రక్తబాకీలన్నీ రద్దయినట్లు ప్రకటించినారు. రద్దయిన మొదటి బాకీ తమ కుటుంబానిదే: హుజైల్ తెగవారు చంపిన రబీఆ బిన్ హారిస్ కుమారునిది. ఇతరులను క్షమించమనే ముందు తమ ఇంటి లెక్కను కొట్టివేయడం గమనింపదగినది. తమ పినతండ్రి హమ్జా (ర)ను ఉహుద్‌లో చంపిన వహ్షీ ఇస్లాం స్వీకరించి వచ్చినప్పుడు ఆయన ప్రతీకారం తీసుకోలేదు; వీలైతే తన కంటికి కనబడకుండా ఉండమని మాత్రం కోరినారు. క్షమ అంటే బాధ లేకపోవడం కాదు, బాధ ఉండగానే చేతిని ఆపుకోవడం.

మిగిలిన ప్రశ్న

శాసనం వచ్చినంత మాత్రాన స్వభావం మారిపోలేదు. ఖలీఫా అబ్దుల్ మలిక్ (685-705) కొలువులో తగ్లిబ్ కవి అఖ్తల్, తన ప్రత్యర్థి తెగకు చెందిన జహ్హాఫ్‌ను వారి హతుల మాటెత్తి ఎత్తిపొడిచినాడు. ఆ మాటకు రెచ్చిపోయిన జహ్హాఫ్ బిష్ర్ అనే చోట తగ్లిబ్‌పై విరుచుకుపడి ఊచకోత కోసినాడు. పగను మేల్కొల్పడానికి ఒక పద్యం చాలినది. కవిత్వానికి గల శక్తి జుహైర్ చేతిలో ఒకవిధంగాను, అఖ్తల్ చేతిలో మరొకవిధంగాను పనిచేసినది.

మన కాలంలోనూ ఈ గాథ ముగియలేదు. 1976లో ఈజిప్టు కవి అమల్ దున్‌ఖుల్ చనిపోతున్న కులైబ్ నోట తన సోదరునికి 'రాజీ పడకు' అని చెప్పిస్తూ ఒక ప్రసిద్ధ కవిత రాసినాడు. నష్టపోయినదానిని తిరిగి ఇవ్వకుండా సంధి కుదుర్చుకొమ్మనడం ఏమి న్యాయమన్నది అందులోని ప్రశ్న. దీనిని పగగొట్టు మాటగా తోసివేయరాదు. హరిమ్, హారిస్‌లు కూడా జరిగినదంతా మరచిపొమ్మని ఎవరికీ చెప్పలేదు. ముందు శవాలను లెక్కించినారు, తర్వాత బదులు చెల్లించినారు, ఆపైననే సంధి అన్నారు. లెక్క లేకుండా కోరే శాంతి బాధితుని పట్ల మరొక అన్యాయం. ముగింపు లేకుండా సాగే లెక్క పగ.

హజ్రత్ ఉమర్ (ర) ఒకసారి హరిమ్ కుమారులలో ఒకనితో, మీరు జుహైర్‌కు ఇచ్చిన కానుకలు ఖర్చయిపోయినవి గాని, అతడు మీకిచ్చినది నిలిచియున్నదని అన్నట్లు సాహిత్యచరిత్ర గ్రంథాలు పేర్కొంటున్నవి. దాహిస్ పందెంలో ఎవరు గెలవవలసినదో నేడెవరికీ పట్టదు. తమ ఒంటెలు తోలి ఇచ్చి యుద్ధాన్ని ఆపిన ఇద్దరి పేర్లను మాత్రం అరబ్బీ నేర్చిన ప్రతి విద్యార్థి ఈనాటికీ చదువుతున్నాడు.