అప్పు కన్నా దాపరికమే ముప్పు

నెలాఖరు వస్తే ఇంట్లో గొంతులు పెరుగుతున్నాయా? పాల ప్యాకెట్ దగ్గర మొదలైన మాట పుట్టింటి దాకా పోతోందా? అయితే గొడవ పాల గురించి కాదు, ఈఎంఐ గురించి!

డబ్బు చింత ఒంటి మీదా ప్రభావం చూపుతుంది. కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు పెరిగి నిద్ర చెదురుతుంది. తలనొప్పి, కడుపులో మంట, చిరాకు తోడవుతాయి. శృంగారం మీద ఆసక్తీ తగ్గొచ్చు. దీన్ని 'నా మీద ప్రేమ తగ్గింది' అని అపార్థం చేసుకుంటే దూరం మరింత పెరుగుతుంది.

అన్నిటికన్నా దెబ్బతీసేది దాపరికం. స్నేహితుడి అప్పుకు పెట్టిన హామీ సంతకం, చెప్పకుండా తాకట్టు పెట్టిన గొలుసు, క్రెడిట్ కార్డు బాకీ.. 'తెలిస్తే బాధపడతారు' అని దాచినవే బయటపడ్డాక నమ్మకాన్ని పోగొడతాయి. పైగా కార్డు మీద కనీస మొత్తమే కడుతూ పోతే మిగతా బాకీ మీద ఏటా 36 శాతం, అంతకన్నా ఎక్కువ వడ్డీ పడొచ్చు.

ఇలా చేసి చూడండి

* వారానికోసారి అరగంట కేటాయించుకోండి. పడుకునే ముందు, పిల్లల ఎదుట వద్దు.

* తొలిరోజు తప్పెవరిదనే మాటే ఎత్తొద్దు. ఎవరికెంత బాకీ, వడ్డీ ఎంత.. కాగితం మీద రాయండి. క్రెడిట్ రిపోర్టును ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు.

* వాయిదాలన్నీ కడుతూనే, మిగిలిన సొమ్ముతో ఎక్కువ వడ్డీ బాకీని ముందు తీర్చండి.

* లెక్క చెప్పక్కర్లేని చేతిఖర్చు కొంత ఇద్దరికీ ఉంచుకోండి.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, దిగులు వీడకపోయినా డాక్టర్‌ను కలవండి. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆగొద్దు. వెంటనే ఇంట్లో చెప్పండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.