మత్తు మానినవాడు, మత్తు అమ్మినవాడు

మాదకద్రవ్యాల వలన కలిగే అనర్థాలను గురించి మన కళాశాలల్లో ఉపన్యాసాలకు కొదవ లేదు. ఏటా జూన్ 26వ తేదీన విద్యార్థులు అట్టల మీద నినాదాలు వ్రాసి ఊరేగింపుగా వెళతారు. పెద్దలు ప్రతిజ్ఞ చేయిస్తారు. మరునాడు పత్రికలో ఫోటో వస్తుంది. ఈ మాటలన్నీ ఇంకా మొదలుపెట్టని వారి కోసం. మొదలుపెట్టి, నష్టపోయి, చికిత్స పొంది, మానివేసి తిరిగి మన మధ్యకు వచ్చి కూర్చున్న యువకునికి మనం చెప్పేది ఏమీ ఉండదు. బాగుపడ్డాడు కదా అని ఊరుకుంటాం. అతని అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుందన్న సంగతి మనకు తోచదు.

కొన్నేళ్ళ క్రితం నా వద్ద చదివిన ఒక విద్యార్థి (ఏ సంవత్సరమో, ఏ గ్రూపో చెప్పను) కొన్ని వారాలు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. రంజాన్ పండుగ సెలవులు ముగిసిన రోజున స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, జేబులోని ఫోను తీసి నాకు చూపించాడు. పూర్వం అతనికి సరుకు ఇచ్చే మనిషి పంపిన సందేశం అది. అందులో సరుకు ప్రసక్తి లేదు. సలాము, పండుగ ముబారకు, అమ్మీ ఆరోగ్యం ఎలా ఉందన్న ఒక్క ప్రశ్న. అంతే.

“సలాముకు బదులు చెప్పకపోతే గునాహ్ కదా సార్?” అని అడిగాడు.

తెలుగులో ఎం.ఏ. చదివిన నాకు ఆ పూట సమాధానం దొరకలేదు. రేపు చెబుతానని పంపివేశాను. తరువాత చదివినదీ, తెలిసిన వైద్యులను అడిగి తెలుసుకొన్నదీ, మా వీధి మసీదు ఇమాము సాహెబు చెప్పినదీ కలిపి ఇక్కడ వ్రాస్తున్నాను.

మత్తుకు అలవాటు పడిన శరీరం మందును మాత్రమే గుర్తుంచుకోదు. మందు దొరికిన చోటును, వేళను, వాసనను, దానిని చేతిలో పెట్టిన మనిషి ముఖాన్ని కూడా గుర్తుంచుకుంటుంది. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ వద్ద 1935లో అక్కడి ప్రభుత్వం మత్తు బానిసల కోసం ఒక పెద్ద సంస్థను నెలకొల్పింది. అది సగం ఆస్పత్రి, సగం జైలు. అక్కడ పనిచేసిన ఏబ్రహాం విక్లర్ అనే వైద్యుడు ఒక వింతను గమనించాడు. మందు మాని నెలలు గడిచిన రోగులు నలుగురూ కూర్చొని పాత రోజుల ముచ్చట చెప్పుకొనేటప్పుడు వారికి ఆవులింతలు వచ్చేవి, ముక్కు, కళ్ళు కారేవి. మందు మానిన తొలి రోజుల్లో కనిపించే లక్షణాలే అవి. ఒట్టి మాటకే శరీరం అంతగా స్పందిస్తే, ఆ మనిషే వీధి మలుపులో ఎదురై భుజం మీద చేయి వేస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. దీనిని పట్టుదల లేకపోవడమని మనం అంటాం. ఆవులింతను పట్టుదలతో ఆపినవారు ఎవరైనా ఉన్నారా?

అదే లెక్సింగ్టన్ ఆస్పత్రి నుండి 1952–55 మధ్య విడుదలై న్యూయార్కు నగరానికి తిరిగి వెళ్ళిన సుమారు 1,900 మంది ఏమయ్యారో ఆరా తీసి 1962లో ఫలితాలు ప్రకటించారు. పదిమందిలో తొమ్మిది మందికి పైగా మళ్ళీ మత్తులో పడ్డారు. చికిత్స జరగలేదని కాదు. చికిత్స ముగిసిన తరువాత వారు వెళ్ళినది పాత వీధికి, పాత మనుషుల వద్దకు.

దీని పక్కన పెట్టి చూడవలసిన లెక్క మరొకటి కలదు. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికా సైనికులకు 1970 ప్రాంతంలో హెరాయిన్ చౌకగా, విరివిగా దొరికేది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు 1971 సెప్టెంబరులో స్వదేశానికి చేరిన వారిలో కొన్ని వందల మందిని వెదకి పట్టుకొని ప్రశ్నించింది. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు అక్కడ ఉండగా బానిసలమయ్యామని ఒప్పుకొన్నారు. అయితే అట్లా బానిసలైన వారిలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవారు నూటికి సుమారు 5 గురే. మూడేళ్ళలో చూసినా 12 మందే. అమెరికాలో సరుకు దొరకక కాదు; వచ్చిన తరువాత ఒకటి రెండుసార్లు రుచి చూసినవారు చాలామందే ఉన్నారు. కాని ఆ అడవి, ఆ భయం, ఆ గుడారం, ఆ అమ్మకందారు సముద్రానికి ఆవల ఉండిపోయారు. ఇవతల తల్లి, భార్య, ఉద్యోగం ఉన్నాయి. వారిలో ఎక్కువమంది సూదితో కాక పొగగా పీల్చారనీ, ఎక్కువమంది చిన్న వయస్సువారనీ మరికొన్ని కారణాలు చెప్పారు. అవీ నిజమే. కనుక చోటు మారితే చాలు, రోగం పోతుందనుకోవడం తొందరపాటు. చోటు మారకపోతే ఎంత కష్టమో మాత్రం ఈ రెండు లెక్కలూ చెబుతున్నాయి.

మన విద్యార్థి సైనికుడు కాడు. అతనికి సముద్రం అడ్డు లేదు. అమ్మేవాడు పక్క గల్లీలోనే ఉంటాడు. పైగా మన సినిమాలలో వలె నల్లకళ్ళద్దాలు పెట్టుకొని ఉండడు. చాలాసార్లు తానూ వాడుతూ, తన ఖర్చు కోసం నలుగురికి పొట్లాలు అందించే సీనియరు విద్యార్థో, బండి మెకానిక్కో, చిన్ననాడు కలిసి గాలిపటాలు ఎగరేసిన స్నేహితుడో. అక్కగారి పెళ్ళిలో వడ్డించి ఉంటాడు. పరీక్ష ఫీజుకు డబ్బు సర్ది ఉంటాడు. అతనిని ‘డ్రగ్ పెడ్లరు’ అని పోలీసువారు అంటారు. మన కుర్రవాడు ‘భాయ్’ అంటాడు. తెంచుకోవలసినది ఆ ‘భాయ్’ అన్న పిలుపును. అందుకే అది కష్టం.

ఇక సలాము సంగతి. ఇమాము సాహెబు నా ప్రశ్న విని చిరునవ్వు నవ్వారు. చదివిన వెంటనే నోటితో బదులు చెప్పుకొంటే బాధ్యత తీరినట్లే, దానిని వ్రాసి పంపనక్కర లేదన్నారు. తోటి ముస్లిముతో మూడు దినాలకు మించి మాటలు మానరాదన్న హదీసు ఉన్నది కదా అని నేను అడ్డు వేశాను. కార్డోవాలో పుట్టి 1071లో మరణించిన ఇబ్ను అబ్దుల్ బర్ర్ అనే పండితుడు ఆ ప్రశ్నను ఎప్పుడో విచారించాడనీ, ఒకనితో మాట్లాడడం వలన తన ధర్మానికి గాని, లౌకిక జీవితానికి గాని హాని కలుగుతుందని భయపడేవానికి ఆ మూడు దినాల హద్దు లేదన్నాడనీ ఆయన వివరించారు. నింద చేయక, తగవు పడక మర్యాదగా తొలగిపోవడమనే భావం ఖురాన్‌లో ముజ్జమ్మిల్ అధ్యాయంలో కలదని కూడా చెప్పారు.

ధర్మం అట్లా తేలింది. లౌకికం ఇంకా సులభం. బదులు పంపితే అవతలివానికి మూడు సంగతులు తెలుస్తాయి: నంబరు మారలేదు, మనిషి ఇంటికి వచ్చాడు, మనసు మెత్తగానే ఉంది. పండుగ ముబారకు బేరం కాదు నిజమే, బేరానికి ముందు పరిచే దస్తరుఖాన్ అది. అవతలివాడు కపటంతోనే పంపాడని నేను అనను. ప్రేమతోనే పంపి ఉండవచ్చు. ప్రేమతో పంపినదైతే మరింత ప్రమాదం.

“ఒక్కసారి కలిసి, మానివేశానని చెప్పి వస్తాను సార్, అట్లా చెప్పకుండా ఉంటే బాగుండదు” అన్నది అతని రెండవ మాట. ఈ ‘ఒక్కసారి’ దగ్గర ఎందరో జారిపడ్డారని వైద్యులు చెబుతారు. వీడ్కోలుకు పోయినవాడు తానెందుకు మానినదీ వివరించవలసి వస్తుంది. వివరణ వాదానికి దారి తీస్తుంది. వాదం టీకి, టీ సిగరెట్టుకు. వీడ్కోలు అవసరమే లేదు. తప్పించుకోరాని చోట ఎదురుపడితే “నేను మానేశాను, పని ఉంది” అని నడుస్తూనే అనాలి, ఆగరాదు. కారణాలు చెప్పరాదు.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. మాని కొన్ని వారాలు గడిచిన శరీరానికి పాత మోతాదును తట్టుకొనే శక్తి ఉండదు. హెరాయిన్ జాతి మందులలో నిన్నటి మామూలు మోతాదు నేడు ఊపిరి ఆపగలదు. ఆస్పత్రి నుండి, జైలు నుండి బయటికి వచ్చిన తొలి వారాలలోనే మరణాలు ఎక్కువ. అమ్మేవానికి ఇది తెలియదు, పాత లెక్క ప్రకారమే పొట్లం కట్టి ఇస్తాడు. దీనికి మరో వైపు కూడా కలదు. నిద్రమాత్రలకు, మద్యానికి బాగా అలవాటు పడినవాడు వైద్యుడు లేకుండా ఒక్క రోజున ఆపివేస్తే మూర్ఛలు రావచ్చు. తెలంగాణలో 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందు ఒక్కసారిగా అందక వందలాది మంది ఆస్పత్రుల పాలు కావడం మనం చూశాం. కనుక అమ్మేవానిని విడిచే ముందు వైద్యుని పట్టుకోవాలి.

ఉద్దెర సంగతి చిన్నది, కాని ముడి గట్టిది. మా విద్యార్థి ఆ మనిషికి కొంత డబ్బు బాకీ ఉన్నాడు. బాకీ తీర్చక చస్తే ఎట్లా అని అతని దిగులు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం చట్టవిరుద్ధమైన సరుకు కోసం చేసుకొన్న ఒప్పందం చెల్లదు. చట్టం దృష్టిలో అది బాకీయే కాదు. మనస్సు ఒప్పుకోకపోతే ఆ సంగతి తండ్రికో, మామకో అప్పజెప్పాలి. డబ్బు పట్టుకొని తాను మాత్రం వెళ్ళరాదు. బాకీ తీర్చబోయి కొత్త ఖాతా తెరిచి వచ్చినవారు ఉన్నారు. అవతలివాడు బెదిరిస్తే అది ఇక స్నేహం కాదని తేలిపోయింది, పోలీసులకు చెప్పడానికి వెనుకాడనక్కర లేదు.

పోలీసులకు చెబితే తన పేరు కూడా బయటపడుతుందన్న భయం సహజం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64-ఏ అనే సెక్షన్ కలదు. బానిస అయినవాడు తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలో గాని, ప్రభుత్వం గుర్తించిన సంస్థలో గాని చికిత్సకు ముందుకు వస్తే, సేవించినందుకు, లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరానికి అతనిపై ప్రాసిక్యూషన్ ఉండదు. చికిత్సను మధ్యలో విడిచిపెడితే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షన్ ఉన్నదని మన తల్లిదండ్రులలో ఎందరికి తెలుసు? సలహా కోసం కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత టెలిఫోను నంబరు 14446 కలదు. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో కూడా చికిత్స లభిస్తుంది.

ఫోను నంబరు మార్చడం, పాత గుంపుల నుండి తొలగడం, కొన్నాళ్ళు చేతిలో డబ్బు ఉంచుకోకపోవడం, దారి మార్చడం వంటివి వినడానికి స్వల్పంగా తోస్తాయి. నా అనుభవంలో పనిచేసినవి ఇవే. పాత స్నేహితునిని కూడా బాగుచేయాలన్న ఉత్సాహం మాత్రం మొదటి సంవత్సరంలో పనికిరాదు. ఈత నేర్చుకొంటున్నవాడు మునిగేవానిని పట్టుకోబోతే ఇద్దరూ మునుగుతారు.

బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ నూరు హత్యలు చేసిన ఒకని వృత్తాంతం కలదు. అతడు పశ్చాత్తాపపడి ఒక పండితుని వద్దకు వెళ్ళగా, ఆ పండితుడు తౌబా ద్వారం తెరిచే ఉన్నదని చెప్పి ఊరుకోలేదు. నీ ఊరు విడిచిపో, తిరిగి పోవద్దు అన్నాడు. అంతటితోనూ ఆగలేదు. ఫలానా ఊరిలో మంచివారున్నారు, వారితో కలిసి ఉండు అని చేరవలసిన చోటును కూడా చూపించాడు. ఈ కథను మన వాళ్ళు క్షమను గురించి చెబుతారు. నాకు ఆ రెండవ ఊరే ఎక్కువగా కనబడుతుంది.

ఇందుకే కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. పట్టుబడిన విద్యార్థికి టి.సి. ఇచ్చి పంపితే కళాశాల పేరు నిలుస్తుందని మనం అనుకొంటాం. ఆ సాయంత్రం అతనికి మాట్లాడడానికి ఎవరు మిగులుతారు? తరగతి మిత్రులను వారి తల్లిదండ్రులు దూరం చేస్తారు, బంధువులు తలుపు వేస్తారు, మసీదు వరండాలో నలుగురు గుసగుసలాడుతారు. తలుపు తెరిచి ఉంచేవాడు ఒక్కడే, ఆ భాయ్. వానితో తెంచుకొమ్మని చెప్పే మనమే వాని వద్దకు తోస్తున్నాం. ఇక్కడ అమ్మేవాని విషయంలో కఠినంగా ఉండవలసిందే, దానికి నేను అడ్డు చెప్పను. చికిత్స పొంది వచ్చినవానికి మాత్రం సీటు ఉంచాలి. ఆస్పత్రి రోజులను హాజరులో వైద్య కారణంగా లెక్కించాలి. సాయంత్రం నాలుగు నుండి మగ్రిబు వరకు, అంటే పూర్వం అతడు ఆ గల్లీలో ఉండే వేళలో, లైబ్రరీలోనో, ఆటస్థలంలోనో ఏదో ఒక పని అప్పగించాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఏమీ లేదు.

మా విద్యార్థి పాత సిమ్ కార్డును వాళ్ళ అమ్మీ చేతికి ఇచ్చాడు. బస్టాపు మలుపులో ఆ మనిషి నిలబడే కొట్టు ఉన్నందున, ఆ ఏడాదంతా రెండు బస్సులు మారి చుట్టుదారిన వచ్చేవాడు. మొదటి గంటకు రోజూ పది నిమిషాలు ఆలస్యం. పట్టా పుచ్చుకొని వెళ్ళిపోయాడు కనుక ఇప్పుడు చెబుతున్నాను: ఆ సంవత్సరం నా రిజిస్టరులో అతనికి ప్రతి దినమూ హాజరు వేశాను. కమిటీ వారు ఈ సంగతిని ఇక్కడ చదివి తెలుసుకోవలసి వచ్చినందుకు మన్నించగలరు.