ర్యాలీకీ ర్యాలీకీ నడుమ

"రోజూ పొద్దున్నే అయిదు కిలోమీటర్లు పరిగెడతాను. అయినా షటిల్ కోర్టులో రెండో గేమ్ సగానికి వచ్చేసరికి రొప్పుతుంటాను. స్కోరు దగ్గరదగ్గరగా ఉంటే చెయ్యి కూడా వణుకుతుంది. దమ్ము లేకనా, ధైర్యం లేకనా?"

షటిల్ ఆడే ప్రతిచోటా ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఒకరిద్దరు తప్పక ఉంటారు. ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావన్నది నా జవాబు. గట్టి పనినీ విరామాన్నీ మార్చి మార్చి చేయించే ఇంటర్వెల్ ట్రెయినింగ్ ఈ రెండింటినీ ఒకే చోట ఎలా పట్టుకుంటుందో చెప్పాలంటే కాస్త నింపాదిగా మొదలుపెట్టాలి.

ముందు పరుగు సంగతి. అయిదు కిలోమీటర్ల పరుగు మొదటి నుంచి చివరిదాకా ఇంచుమించు ఒకే ఊపులో సాగుతుంది. బ్యాడ్మింటన్ అలా సాగదు. పెద్ద స్థాయి సింగిల్స్‌లో ర్యాలీ సగటున పది సెకన్లకు అటూ ఇటూగా ముగుస్తుంది. ఆ తర్వాత సుమారు అంతకు రెట్టింపు సేపు చెమట తుడుచుకోవడం, షటిల్ అందుకోవడం, సర్వీసుకు నిలబడడం. టెన్నిస్‌లోనైతే పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు దాటకూడదని గడియారమే పెట్టారు. టేబుల్ టెన్నిస్‌లో పాయింటు మరీ పొట్టిది. ఆరేసి పాయింట్లకోసారి టవల్ అందుకునే వీలుంటుంది. కాసేపు విజృంభించడం, కాసేపు ఆగడం, మళ్లీ విజృంభించడం: రాకెట్ ఆటలన్నిటి తీరూ ఇదే.

ఆ పది సెకన్ల విజృంభణకు కండరం ఎక్కువగా ఆధారపడేది ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వ మీద. దాన్ని మిద్దె మీది నీళ్ల ట్యాంకు అనుకోండి. కుళాయి పూర్తిగా తిప్పితే పది సెకన్లకే అడుగంటుతుంది. మళ్లీ సగం నిండడానికి అర నిమిషం, మొత్తం నిండడానికి మూడు నిమిషాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. మ్యాచ్‌లో అంత వ్యవధి ఎవరిస్తారు? ఉన్న ఇరవై సెకన్లలో ఎంత నిండితే అంతే. నింపే మోటారు ఆక్సిజన్‌తో నడుస్తుంది. కాబట్టి ఎవరి మోటారు పెద్దదైతే వాళ్లు తర్వాతి ర్యాలీకి ఎక్కువ నిల్వతో దిగుతారు. నెమ్మది పరుగులో ఆ మోటారు రోజూ తిరుగుతుంది గానీ, పూర్తి జోరు మీద తిరగాల్సిన అవసరం దానికెప్పుడూ రాదు. ఇంటర్వెల్ ట్రెయినింగ్ ఆ అవసరం తెచ్చిపెడుతుంది. 2007లో నార్వే పరిశోధకులు ఎనిమిది వారాల పాటు పోల్చి చూశారు. గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం దాకా వెళ్లేలా నాలుగేసి నిమిషాల చొప్పున నాలుగు పరుగులు తీసినవాళ్లలో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం పెరిగింది. మొత్తమ్మీద అంతే పనిని నెమ్మది పరుగుతో చేసినవాళ్లలో అలాంటి పెరుగుదల కనిపించలేదు.

ఈ పద్ధతి మొదట్లోనే విరామానికి పెద్ద పీట వేసింది. 1930లలో జర్మనీలో కోచ్ గెర్ష్‌లర్, గుండె వైద్యుడు రెయిన్‌డెల్ కలిసి పరుగువీరుల నాడి లెక్కబెట్టేవాళ్లు. పరుగుతో గుండె వేగం నిమిషానికి 180కి చేరాలి, తర్వాత 90 సెకన్లలోపు 120కి దిగాలి. దిగకపోతే ఆ పరుగు అతనికి మోతాదు మించిందన్నమాట. గుండె బలపడేది ఆ దిగే సమయంలోనే అని వాళ్ల నమ్మకం. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరిగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు పదహారేళ్లు చెక్కుచెదరలేదు. సిద్ధాంతానికి తర్వాత చాలా సవరణలు వచ్చాయి. కానీ షటిల్ ఆడేవాళ్లకు పనికొచ్చే కిటుకు మాత్రం అందులో ఉంది: ఎంత గట్టిగా పరిగెత్తావన్నది ఒక ఎత్తు, ఎంత త్వరగా తేరుకున్నావన్నది ఇంకో ఎత్తు.

మరి చెయ్యి ఎందుకు వణుకుతుంది?

ఆయాసం వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది, ఒళ్లంతా చెమట పడుతుంది. భయం వేసినప్పుడు? ఇంచుమించు అవే గుర్తులు. 18-18 దగ్గర వచ్చిన దడ ఇప్పుడే ముగిసిన ర్యాలీదా, ఓడిపోతామన్న బెంగదా అన్నది ఆటగాడికే అంతుపట్టదు. అంతుపట్టనప్పుడు మనసు చెడువైపే లాగుతుంది: 'నా పని అయిపోయింది'. ఇక అక్కడి నుంచి ఆట తప్పుతుంది. ఓపిగ్గా వెనక్కి ఎత్తాల్సిన షటిల్‌ను స్మాష్ కొట్టేస్తాడు. పాయింటు గెలవడానికి కొట్టే స్మాష్ వేరు, ర్యాలీని వదిలించుకోవడానికి కొట్టే స్మాష్ వేరు. రెండోదాన్ని పక్కన కూర్చుని చూసేవాళ్లు కూడా గుర్తుపడతారు. చాలాసార్లు అది నెట్‌కైనా తగులుతుంది, లైను బయటైనా పడుతుంది.

వారానికి రెండుసార్లు ఆ దడను తనంతట తానే తెచ్చుకుని, స్కోరు బెడద లేని చోట, కాసేపట్లో అది తగ్గుముఖం పట్టడం చూసినవాడి సంగతి వేరు. దడ అతనికి పాత పరిచయం. వస్తుందని తెలుసు, పోతుందనీ తెలుసు. 'నేను చేయగలను' అన్న నమ్మకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం మునుపు తాను చేసి చూసిన అనుభవమేనని 1977లోనే మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా వివరించాడు. కోచ్ భుజం తట్టి చెప్పే మాట దాని తర్వాతే.

అలాగని దమ్ముతోనే అంతా తేలుతుందని అతిగా చెప్పకూడదు. 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ మనవాళ్లు మరిచిపోయేది కాదు. పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా 110 నిమిషాలు తలపడ్డారు. రెండో గేమ్‌లో చివరి పాయింటు ఒక్కదానికే 73 షాట్లు పట్టాయి. ఆ పాయింటూ గేమూ సింధువి. తర్వాత దొరికింది రెండు నిమిషాల విరామం. మూడో గేమ్ మళ్లీ 20-20 దాకా వెళ్లి 22-20తో ఒకుహారా పరమైంది. దమ్ము ఇద్దరికీ ఉంది, కాబట్టి దమ్మే ఆ మ్యాచ్‌ను తేల్చిందనలేం. అది లేనివాళ్లకు మాత్రం 20-20 దగ్గర ఆలోచించే తీరికే దొరకదు. రెండేళ్లకు బాసెల్‌లో అదే ఫైనల్‌లో అదే ఒకుహారాను సింధు 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించింది. అక్కడ అసలు అంత దూరం వెళ్లే పనే పడలేదు.

ఇక ఎలా చేయాలి?

మల్టీ షటిల్ డ్రిల్ ఒకటి దగ్గర నిలబడి చూడండి. కోచ్ ఎడమ చేతి మీద షటిళ్లు దొంతరగా పేర్చుకుని, ఒకదాని వెనక ఒకటి కోర్టు మూలమూలకూ వేస్తుంటాడు. మొదటి పదింటికి ఆటగాడి పాదం నెట్ దగ్గర మడమతో చక్కగా దిగుతుంది. పదిహేనో షటిల్‌కు చివరి అడుగు ఒకటి తగ్గుతుంది. కాలు చేరాల్సిన చోటికి నడుం వంచి చెయ్యి చాస్తాడు. పద్దెనిమిదోదానికి రాకెట్ తల కిందికి జారుతుంది, షటిల్ టేపుకు తగిలి ఇవతలే పడుతుంది. మంచి కోచ్ అక్కడ ఆపేస్తాడు. ఇంకో పది వేస్తే ఆటగాడు గట్టిపడతాడనుకోవడం పొరపాటు. తప్పుడు అడుగు అలవాటవుతుంది, అంతే.

సరదాగా ఆడేవాళ్లకు అంత హంగు అక్కర్లేదు. ఖాళీ కోర్టులో షటిల్ లేకుండా పదిహేను, ఇరవై సెకన్లు గట్టిగా ఫుట్‌వర్క్, తర్వాత ఇరవై అయిదు, ముప్పై సెకన్లు నడక. ఇలా పదిసార్లు చేస్తే ఒక రౌండు. మొదటి రెండు మూడు వారాలు ఒక్క రౌండు చాలు. తర్వాత నడుమ రెండు మూడు నిమిషాల విశ్రాంతితో రెండో రౌండు కలపండి. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు ఎడం. నలభై దాటి, బీపీ, షుగర్ లాంటివి ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలిసి మొదలుపెట్టండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా అక్కడికక్కడే ఆపేయండి. మడమ వెనక స్నాయువు లాగుతుంటే ఆ వారం మానేయండి. షటిల్‌లో తెగేది ఎక్కువగా అదే.

చాలామంది పాడుచేసుకునేది ఆ నడక సమయాన్నే. ఫోన్ చూస్తారు, మోకాళ్ల మీద చేతులు పెట్టి నేల చూస్తారు. అమెరికా క్రీడా మనస్తత్వవేత్త జిమ్ లోర్ టెన్నిస్ ఆటగాళ్లను పాయింట్ల నడుమ గమనించి ఒక క్రమం చెప్పాడు. పోయిన పాయింటు నుంచి నిటారుగా, ధీమాగా మళ్లడం. ఒళ్లు వదులు చేసుకోవడం. తర్వాత ఏం ఆడాలో నిర్ణయించుకోవడం. చివర్న ప్రతిసారీ ఒకేలా చేసే చిన్న అలవాటు. దీన్ని డ్రిల్‌లోనే అతికించండి. రాకెట్‌ను రెండో చేతిలోకి మార్చి, తీగల మీద చూపు నిలిపి, రెండుసార్లు ఊపిరి నిదానంగా బయటికి వదలండి. ఊహించుకున్న స్కోరు ఒకటి పైకి అనండి: "పందొమ్మిది, ఇరవై". సర్వీస్ పొట్టిగానా, ఎత్తుగానా అన్నది తేల్చుకుని అప్పుడు కదలండి. ఇంత చేస్తేనే మోటారుతో పాటు మనసుకూ సాధన అవుతుంది. ఉత్త విరామంతో గుండె బాగుపడుతుంది, చెయ్యి వణుకు అలాగే ఉంటుంది.

తబాటా గురించి కూడా తరచూ అడుగుతారు. 1996లో ఇజుమి తబాటా ప్రచురించిన పద్ధతిలో 20 సెకన్ల పని, 10 సెకన్ల విరామం, ఏడెనిమిదిసార్లు. కానీ ఆ పని సైకిల్ యంత్రం మీద, గరిష్ఠ ఆక్సిజన్ వాడకానికి కావలసినదానికి దాదాపు 170 శాతం తీవ్రతతో, ఇక తొక్కలేనంతగా సాగింది. జిమ్‌లో నాలుగు నిమిషాలు గెంతినంత మాత్రాన అది తబాటా కాదు. పైగా పది సెకన్ల విరామం షటిల్ ఆటకు నప్పదు.

ఆఫీసు నుంచి నేరుగా కోర్టుకు వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2009లో సామ్యూల్ మార్కోరా బృందం కొందరితో తొంభై నిమిషాలు ఏకాగ్రత కావలసిన పని చేయించి సైకిల్ తొక్కించింది. గుండె, ఊపిరి, రక్తంలో లాక్టేట్ ఎప్పటిలాగే ఉన్నా వాళ్లు సుమారు 15 శాతం ముందే చేతులెత్తేశారు. కష్టం ఎక్కువగా అనిపించింది, అంతే తేడా. రోజంతా కంప్యూటర్ ముందు తల బద్దలు కొట్టుకున్న సాయంత్రం ఇంటర్వెల్ డ్రిల్ పెట్టుకోకండి. ఆ రోజు డబుల్స్ ఆడుకుని ఇంటికి వెళ్లండి.

పదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలకు ఇది పెట్టొచ్చా? ఆ వయసులో ఆటే వాళ్లకు ఇంటర్వెల్. దొంగా పోలీసు, నెట్ దగ్గర చిన్న పందేలు చాలు. పాయింటు పోయిందని కోర్టు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తించే అలవాటు మాత్రం మన కోచింగ్ క్యాంపుల్లో ఇంకా పోలేదు. అలా పరిగెత్తిన పిల్లాడికి ఆయాసం అంటే తిట్లూ సిగ్గూ అన్నది మనసులో నాటుకుపోతుంది. పదిహేడేళ్లకు పెద్ద మ్యాచ్‌లో దడ మొదలైనప్పుడు వాడికి ముందుగా గుర్తొచ్చేది అదే. మీ పిల్లల క్యాంపులో పరుగును శిక్షగా వాడుతుంటే కోచ్‌తో మాట్లాడి మాన్పించండి.